తిరనాళ్ళ మర్నాడు

సాయంత్రం ఇంటికొచ్చి పెట్టుడు కాలు విప్పి గోడకు ఆనించడమే సాంబయ్యకు రోజంతటిలో సుఖమైన పని. ముందు తోలు పట్టీ వదులు చేస్తాడు. తర్వాత మోకాలి కింద మిగిలిన ముక్కకు చుట్టిన పాత బనీను గుడ్డను పొర తర్వాత పొర నెమ్మదిగా ఊడదీస్తాడు. చివరి పొర ఎప్పుడూ చర్మానికి అంటుకునే ఉంటుంది. దాన్ని లాగేటప్పుడు పళ్ళు బిగించి, లాగేశాక కాసేపు కళ్ళు మూసుకుని మంచం పట్టె మీద కూర్చుంటాడు.

ఆ సోమవారం కూడా అట్లా కళ్ళు మూసుకుని ఉండగానే మహాలక్ష్మి వచ్చింది. మిరపకోతల నుంచి నేరుగా డ్వాక్రా మీటింగుకు వెళ్ళి, అక్కణ్ణించి ఇంటికి వచ్చింది. కోతల రోజుల్లో ఆమె చేతులు ఎన్నిసార్లు కడిగినా మండుతూనే ఉంటాయి. గిన్నెలో కాస్త పెరుగు వేసుకుని, గడపలో కూర్చుని, వేళ్ళ సందుల్లో రుద్దుకుంటూ మొదలుపెట్టింది.

"ఇయ్యాల మీటింగుకి కోర్టు తరపున ఒకమ్మాయి వచ్చింది. ఆస్మా అని, గురజాల పిల్ల. పనిలో దెబ్బ తగిలినోళ్ళకి చట్టం ఉందంట. యజమాని పరిహారం ఇయ్యాలంట."

"ఇయ్యకుండా ఉన్నాడా ఏంది వెంకట్రామయ్య? ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? క్వారీ గేటు దగ్గర కుర్చీ ఏసి జీతం ఎవరిస్తన్నారు?"

"అది ఏరంట. కాలు పోయినందుకు లెక్క ఏరే ఉంటదంట. అందులో ఎవరి దయా లేదంట. అడగటానికి మాత్రం రెండేళ్ళే గడువంట."

సాంబయ్య కళ్ళు తెరిచాడు. "అడుగుతానే ఉన్నాం గదే. చూద్దాం అంటన్నాడు గదా."

"రెండేళ్ళ నుంచి చూస్తానే ఉన్నాడు."

"వాడి మీద నన్ను కేసెయ్యమంటావా? సాగర్ కుడికాలవలో ఒకరి నడుం ఒకరు పట్టుకుని ఈత నేర్చుకున్నోళ్ళమే మేము. ఊళ్ళో అందరూ నన్ను ఒరే అంటే వాళ్ళమ్మ ఒక్కతే నాయనా అని అన్నం పెట్టేది."

మహాలక్ష్మి గిన్నె పక్కన పెట్టింది. పెరుగు చేతులు చీర కొంగుకు తుడుచుకుని లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆమె అట్లా మాట్లాడకుండా పోయిందంటే ఆ సంగతి అక్కడితో ఆగదని సాంబయ్యకు పెళ్ళయిన మొదటి ఏడే తెలిసింది.

ఆగలేదు. మర్నాడు పొద్దున అతను గుడ్డ చుట్టుకుంటూ ఉండగానే వాకిట్లో స్కూటీ ఆగింది. ఆస్మాకు ముప్పై లోపే ఉంటుంది. తల మీద దుపట్టా సర్దుకుంటూ లోపలికి వచ్చి, పిలవకుండానే పీట వాల్చుకుని కూర్చుంది.

"దెబ్బ తగిలింది ఏ రోజు బాబాయ్?"

"కోటప్పకొండ తిరనాళ్ళ మర్నాడు. రెండేళ్ళ కిందట."

ఆ మాట ఊళ్ళో ఎవరినడిగినా అట్లాగే చెబుతారు. శివరాత్రి నాటి రాత్రంతా తిరనాళ్ళలో ప్రభల దగ్గర జాగారం చేసి జనం తెల్లవారి ఇళ్ళకు చేరి పడుకున్నారు. క్వారీకి ఒక్కరూ రాలేదు. లోడు ఆ రోజే పోవాలని, లారీ వచ్చి నిలబడిందని వెంకట్రామయ్య ఫోన్ చేస్తే సాంబయ్య నిద్ర కళ్ళతోనే వెళ్ళాడు. క్రేన్ నడిపే ఉస్మాన్‌ను కూడా తనే నిద్ర లేపి తీసుకెళ్ళాడు. నాపబండను పైకి లేపుతుంటే గొలుసు జారింది. బండ వాలి వచ్చి కాలి మీద నిలబడింది.

"ఇంకేం, ఈ ఏటి తిరనాళ్ళ ఇంకా రాలేదుగా. టైముంది" అన్నాడు సాంబయ్య, ఆ సంభాషణ అక్కడితో తెగిపోతే బాగుండునన్నట్టు.

ఆస్మా ఫోన్ తీసి క్యాలెండర్ చూపించింది. "అక్కడే దెబ్బ తినేది బాబాయ్. రెండేళ్ళ కిందట శివరాత్రి మార్చి ఒకటిన వచ్చింది. మీకు దెబ్బ తగిలింది రెండున. ఈ ఏడు శివరాత్రి ఎనిమిదిన. మీరు తిరనాళ్ళ లెక్క చూసుకుని ఇంకా టైముందనుకుంటన్నారు. చట్టం తిథులు చూడదు, తారీకులు చూసిద్ది. వచ్చే శనివారంతో రెండేళ్ళూ సరి."

మహాలక్ష్మి చేతిలోని చీపురు ఆగిపోయింది. "గడువు దాటితే?"

"దాటితే ఎందుకు ఆలస్యమైందో చెప్పుకుని బతిమాలుకోవాలి పిన్నీ. కారణం నమ్మితే తీసుకుంటారు, నమ్మకపోతే లేదు. దాటకముందే ఇస్తే ఆ బాధే ఉండదు. శనివారం దాకా కూడా వద్దు. శుక్రవారం నరసరావుపేట లేబర్ ఆఫీసులో ఇచ్చేద్దాం. అర్జీ నేను రాస్తా. బాబాయ్ సంతకం చెయ్యాలి, అంతే."

"ఎవరి మీదన్నట్టు?" అన్నాడు సాంబయ్య.

"యజమాని మీద."

"వాడు నాకు యజమాని ఎట్టా అవుతాడమ్మా" అన్నాడు. అని, తన మాట తనకే వింతగా వినబడినట్టు ఊరుకున్నాడు.

ఆస్మా నవ్వలేదు. "ఆ రోజు మీరు పనిలో ఉన్నారని ఎవరు చెప్తారు బాబాయ్?"

"ఎవరో ఎందుకు? వెంకట్రామయ్యే చెప్తాడు."

ఆ పిల్ల ఒక్క క్షణం మహాలక్ష్మి వైపు చూసి లేచింది. "సరే. ఆయన్నే అడిగి చూడండి. గురువారం సాయంత్రం లోపల నాకు ఒక మాట చెప్పండి." స్కూటీ స్టార్ట్ చేశాక వెనక్కి తిరిగి, "గడువు సంగతి మాత్రం ఆయన దగ్గర ఎత్తొద్దు" అంది.

ఎత్తనని సాంబయ్య తల ఊపాడు. ఆ పిల్ల చెప్పిందని కాదు. స్నేహితుడి దగ్గర గడువు మాట ఎత్తితే బెదిరించినట్టు ఉంటుందని.

బుధవారం ఎండ పొద్దున్నే ముదిరింది. క్వారీ గేటు అంటే గేటేమీ కాదు, దారికి అటూ ఇటూ నిలువునా పాతిన రెండు రాతి కూసాలు, వాటి మధ్య ఒక గొలుసు. పక్కన రేకు పందిరి, పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ. లారీ వస్తే సాంబయ్య కర్ర ఊతంగా లేచి వెళ్ళి గొలుసు దించాలి, లారీ పోయాక మళ్ళీ తగిలించాలి, నంబరు రాసుకోవాలి, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గొలుసుకు తాళం వెయ్యాలి. రెండు కాళ్ళున్నవాడికి అది పనే కాదు. సాంబయ్యకు లారీ శబ్దం వినబడినప్పటి నుంచీ ఒళ్ళు బిగుసుకుంటుంది. డ్రైవర్లు కొందరు తామే దిగి గొలుసు దించుకుని పోతారు. కొందరు హారన్ మీద చెయ్యి తీయరు.

లోపల గోతిలో బండలు లేపుతున్న చప్పుడు. పలుగు పోటుకు పొర విడివడేటప్పుడు ఒక రకమైన మెత్తని శబ్దం వస్తుంది. పాత గోనెపట్టా చింపినట్టు. అది విన్నప్పుడల్లా సాంబయ్య చేతులు కుర్చీ మీద వాటంతట అవే కదులుతాయి. ఇరవై ఏళ్ళు ఆ శబ్దం తన చేతుల కింద నుంచే వచ్చేది. ఏ బండను ఎక్కడ పొడిస్తే నిలువునా పగలకుండా పలకలా లేస్తుందో చూసుకుంటూ, పొద్దు ఎక్కడుందో కూడా పట్టించుకునేవాడు కాదు.

పదకొండింటికి వెంకట్రామయ్య కారు వచ్చింది. గొలుసు దించుతుంటే అద్దం దించి, "ఏరా సాంబా, తిన్నావా?" అని అడిగాడు. రోజూ అడుగుతాడు. ఎలక్షన్లు దగ్గర పడుతున్నాయి కదా, తెల్లచొక్కా మడత నలగకుండా తిరుగుతున్నాడు.

"తిన్నా బావా. నీతో కాస్త మాట్లాడాలి."

"రా రా. ఎండలో ఎందుకు, ఆఫీసులోకి రా."

పనివాళ్ళ ముందయితే సాంబయ్య అతన్ని సారు అంటాడు. ఇద్దరే ఉన్నప్పుడు బావా అంటాడు. వరస ఏమీ లేదు, కులాలూ వేరు. చిన్నప్పుడు ఎప్పుడో వాళ్ళ చేలో వేరుశనక్కాయలు కాల్చుకుంటూ మొదలైన పిలుపు.

గేటు నుంచి ఆఫీసు గదికి దారి ఏటవాలు. సాంబయ్య మెల్లగా ఎక్కి చేరేసరికి కూలర్ నడుస్తోంది. నున్నగా పాలిష్ పట్టిన నాపబండే బల్ల. ఆ బండ తను లేపిందే. వెంకట్రామయ్య ఫ్లాస్కులోంచి తన చేత్తో టీ వంచి ఇచ్చాడు.

"చెప్పు."

సాంబయ్య గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. దారంతా కూడగట్టుకున్న మాటలు చెదిరిపోయాయి. "ఏం లేదు బావా. మా ఇంటిది పోరుతోంది. ఈ కాలు సంగతి ఏదో ఒకటి తేల్చమని. గేటు పని ఎన్నాళ్ళు చేస్తానో ఏమో, పుండు పడతంది. ఆమెకి కోతలకి పోయే ఓపిక తగ్గింది."

"నేను కాదన్నానట్రా? తేలుద్దాం. తిరనాళ్ళ కానీ. మన ఊరి ప్రభకి ఈసారి ఖర్చంతా నా నెత్తినే పడింది. అది అయిపోయిన మర్నాడు నువ్వూ నేనూ ఇట్టాగే కూర్చుందాం."

తిరనాళ్ళ మర్నాడు. అంటే గడువు దాటిన వారానికి అని సాంబయ్య లెక్కేసుకున్నాడు. కానీ అందులో తప్పు పట్టడానికి ఏముంది? ఈ ప్రాంతంలో పెళ్ళి చూపుల నుంచి అప్పు తీర్చడం దాకా అందరూ అనే మాటే అది. తిరనాళ్ళ కానీ.

"అప్పటిదాకా కాదులే బావా. ఈ వారంలోనే ఒక మాట అనేసుకుంటే..."

"ఈ వారమే ఎందుకు?" వెంకట్రామయ్య ఫోన్ బల్ల మీద పెట్టాడు. గొంతు మారలేదు కానీ కళ్ళు వచ్చి సాంబయ్య మొహం మీద నిలబడ్డాయి. "రెండో తారీకని ఎవరన్నా చెప్పారా నీకు?"

కూలర్ గరగరలాడింది.

"రెండో తారీకు ఏంది బావా?" అన్నాడు సాంబయ్య.

"ఏం లేదు లే." వెంకట్రామయ్య చప్పున ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ రోజు బ్యాంకు పనుంది, ఏదో నోటికొచ్చింది. నువ్వు టీ తాగు, చల్లారిపోద్ది."

సాంబయ్య టీ తాగాడు.

వెంకట్రామయ్య లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరే సాంబా, నిన్ను నేనెప్పుడన్నా కూలోడిలాగా చూశానట్రా? ఆ రోజు క్వారీకి సెలవు. ఒక్కడు కూడా రాలేదు. నువ్వు నా కోసం వచ్చావు. అది నేను చచ్చేదాకా మర్చిపోను. నువ్వు నా మనిషివి. మన మధ్యలోకి బయటోళ్ళని రానియ్యబాకు."

"అట్టాగే బావా" అన్నాడు సాంబయ్య. అలవాటు కొద్దీ వచ్చిన మాట.

తిరిగి గేటు దగ్గరికి దిగడం ఎక్కడం కంటే కష్టం. పెట్టుడు కాలు ముందు జారుతుంది. కుర్చీలో కూలబడి, చాలాసేపు దారి వైపే చూశాడు. రెండేళ్ళుగా ఈ ఊళ్ళో తన కాలు పోయిన రోజుకు తారీకు లేదు. కట్టుకున్న పెళ్ళానికి తెలియదు, తనకే తెలియదు. నిన్న ఆస్మా ఫోన్‌లో చూసి చెబితే తెలిసింది. వెంకట్రామయ్యకు మాత్రం అది నోటి చివరే ఉంది.

ఎప్పుడు తెలుసుకుని ఉంటాడు? గుంటూరు ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుని, నీ కాలు కాదురా నా కాలే పోయింది అని కళ్ళు తుడుచుకున్నప్పుడు తెలియదు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. ఆ సంగతి సాంబయ్య ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలడు. తర్వాతెప్పుడో ఏ ప్లీడరో చెప్పి ఉంటాడు. అప్పటి నుంచి, తిన్నావా అని అడిగిన ప్రతి పొద్దునా, ఆ లెక్క కూడా పక్కన నడుస్తూ ఉండి ఉంటుంది.

ఇంకో సంగతి అతనికి లారీకి గొలుసు దించుతుండగా తట్టింది. చేతిలో గొలుసు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు. సెలవు రోజు. కూలోడివి కాదు. నా కోసం వచ్చావు. ఇవే మూడు మాటలు రేపు ఏ ఆఫీసరు ముందు చెప్పినా, ఇక ఇచ్చేదేమీ ఉండదు. కూలివాడు కాని వాడికి, పని లేని రోజు, స్నేహం కొద్దీ వచ్చి కాలు పోగొట్టుకుంటే ఎవరు బాధ్యులు?

లారీ డ్రైవరు తల బయటపెట్టి, "నిద్రపోయావా పెద్దాయనా?" అని అరిచాడు. సాంబయ్య పక్కకు జరిగాడు.

ఆ రాత్రి అతను ఇంట్లో ఏమీ చెప్పలేదు. మహాలక్ష్మి కూడా అడగలేదు. కంచంలో రెండోసారి పప్పు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. అది చూసి, అడిగి వచ్చాడని ఆమెకు అర్థమైంది. ఏమని సమాధానం వచ్చిందో కూడా సగం అర్థమైంది.

గురువారం క్వారీలో అన్నాల వేళ ఉస్మాన్ టిఫిన్ డబ్బా పట్టుకుని పందిట్లోకి వచ్చాడు. ఎండగా ఉంటే అతను అక్కడే తింటాడు. పొడుగ్గా, ఎప్పుడూ కాస్త వంగి నడిచే మనిషి. ఆ రోజు గొలుసు జారింది తన క్రేన్‌కే అని ఈ రెండేళ్ళలో ఒక్కసారీ పైకి అనలేదు. కానీ సాంబయ్య ఎదురుగా కూర్చుంటే గబగబా తినేస్తాడు.

"ఉస్మానూ, లేబర్ ఆఫీసులో అర్జీ పెడదామనుకుంటన్నా" అన్నాడు సాంబయ్య. పైకి అనడం అదే మొదలు. అనేశాక, నిర్ణయం తనకంటే ముందే ఎప్పుడో అయిపోయినట్టు అనిపించింది.

ఉస్మాన్ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "సారుకి చెప్పావా అన్నా?"

"లేదు. ఆ రోజు నేను పనికొచ్చానని చెప్పటానికి నువ్వు తప్ప ఎవరూ లేరు."

"నన్ను ఇరికించొద్దన్నా. ఆకాశంలో నుంచి ఊడిపడ్డ క్రేన్ కాదది, ఆయనది. రేపు తాళం లాక్కుంటే నేను యాడికి పోను? పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నం మొయ్యలేను గదా ఈ నడుంతో."

"సరేలే."

"నీకు అన్యాయం జరిగిందని నాకు తెలీదా..."

"సరేలేరా. అన్నం తిను."

ఉస్మాన్ తినలేదు. డబ్బా మూత పెట్టి, కాసేపు బూటు కొసతో మట్టి గీకి, లేచి గోతిలోకి దిగిపోయాడు.

సాయంత్రం ఇంటికి రాగానే సాంబయ్య కాలు విప్పకుండానే, "ఆ ఆస్మాకి ఫోన్ చెయ్యవే" అన్నాడు.

మహాలక్ష్మి ఎందుకని అడగలేదు. ఫోన్ తీసుకుని, నంబరు నొక్కడానికి వేళ్ళ మంటకు ఊదుకుంటూ, ఒక్క మాట మాత్రం అంది. "నేను పోరానని పోబాకు. నీకు మనసు ఒప్పితేనే."

"మనసు సంగతి వదిలెయ్" అన్నాడు. తోలు పట్టీ వదులు చేస్తూ చెప్పాడు. "వాడికి తారీకు తెలుసే."

ఆస్మా వచ్చి దీపాలు పెట్టే వేళకు కూర్చుని, అడిగి అడిగి రాసింది. ఎన్నేళ్ళుగా పని, ఏం పని, కూలి ఎంత, ఆ పొద్దున ఎవరు పిలిచారు. పిలిచింది ఎవరన్న దగ్గర సాంబయ్య, "మా వెంకట్రామయ్య" అన్నాడు. ఆస్మా పెన్ను ఎత్తి ఆగింది. అతను సర్దుకుని ఇంటిపేరుతో, తండ్రిపేరుతో సహా మళ్ళీ చెప్పాడు. సంతకం చేశాడు. చేశాక మాత్రం ఆ కాగితం వైపు మళ్ళీ చూడలేదు.

శుక్రవారం పొద్దున వాళ్ళు ఆటో కోసం రోడ్డు మీద నిలబడితే, ఆటో కంటే ముందు ఉస్మాన్ బండి వచ్చింది. బస్టాండ్ దాకా దింపుతానన్నాడు. మహాలక్ష్మి ఆటోలో వస్తానంది. సాంబయ్య కర్ర అడ్డంగా ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాడు. మిరపకాయలు ఆరబోసిన కల్లాల పక్కగా వెళుతుంటే ఇద్దరికీ దగ్గు వచ్చింది, అంతే.

బస్టాండ్‌లో దింపి, బండి స్టాండ్ వెయ్యకుండానే ఉస్మాన్ అన్నాడు. "నా పేరు రాయించన్నా. పిలిస్తే వస్తా. చూసింది చెప్తా." మళ్ళీ వెంటనే, "పిలవకపోతే ఇంకా మంచిది" అని బండి తిప్పుకుని పోయాడు.

నరసరావుపేట బస్సులో సీటు దొరికింది కానీ పెట్టుడు కాలు ముందు సీటుకు తగిలి మడవడానికి వీల్లేక, దారి పొడవునా పక్కకు చాపుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఎక్కే ప్రతివాడూ దాన్ని తట్టుకుని, చూసుకుని, అయ్యో అన్నాడు. పిడుగురాళ్ళ దాటాక సాంబయ్య కళ్ళు మూసుకున్నాడు. నిద్ర పట్టలేదు. ఇప్పుడు దిగి వెనక్కి పోతే మధ్యాహ్నానికి గేటు దగ్గర ఉండొచ్చు అనుకున్నాడు. ఆ ఆలోచన రెండు మూడు స్టాపుల దాకా అతనితోనే వచ్చి, తర్వాత ఎక్కడో దిగిపోయింది.

ఆఫీసు మెట్ల దగ్గర ఆస్మా ఎదురుచూస్తోంది. లోపల బెంచీ మీద ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. తలకు కట్టున్న ఒక తాపీమేస్త్రీ, చంటిపిల్లను ఎత్తుకున్న ఒకావిడ. పిలిచినప్పుడు సాంబయ్య కర్ర మీద లేచి లోపలికి వెళ్ళాడు. బల్ల వెనక అధికారిణి యాభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని అర్జీ మొదటి నుంచి చివరిదాకా చదివింది. తారీకు దగ్గర వేలు పెట్టి, గోడ మీద క్యాలెండర్ వైపు చూసింది.

"రేపటితో అయిపోయేది. ఇన్నాళ్ళు ఏం చేశారు?"

"ఇస్తానన్నారు మేడం."

"అందరికీ అనేది అదే" అంది ఆమె, విసుగుతో కాదు, అలసటతో. "కూర్చోండి. నిలబడొద్దు. ఆ రోజు సెలవని రాశారు. సెలవు రోజు ఎందుకు వెళ్ళారు?"

"రమ్మన్నారు. లోడు పోవాలన్నారు."

"రమ్మన్నది ఎవరు?"

సాంబయ్య పేరు చెప్పాడు.

"ఆయనకు మీరు బంధువులా?"

"కాదు మేడం."

"స్నేహితులా? ఎందుకు అడుగుతున్నానంటే, నోటీసు వెళ్ళాక ఆయన మొదట చెప్పేది అదే. మా దగ్గర పనిచేసేవాడు కాదు, తెలిసినవాడు, ఊరికే వచ్చాడు అంటారు. అప్పుడు మీరేం చెబుతారు?"

మహాలక్ష్మి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. సాంబయ్య ఆమె వైపు చూడలేదు. బల్ల మీద పెట్టుకున్న తన చేతులను చూసుకున్నాడు. రాతిపొడి ఇంకి ఇంకి, రెండేళ్ళుగా బండ ముట్టకపోయినా గోళ్ళ మొదట్లో ఇంకా బూడిదరంగు పోలేదు.

"కూలోణ్ణి మేడం" అన్నాడు. "ఇరవై ఏళ్ళు ఆయన క్వారీలో బండలు లేపా. ఆ రోజు కూడా పనికే వెళ్ళా."

ఆమె అర్జీ మీద ఏదో రాసి, ముద్ర కోసం పక్క గదికి పంపింది. నోటీసు వెళుతుందని, ఆయన జవాబు ఇస్తాడని, వాయిదాలు పడతాయని, ప్రతిసారీ రావాల్సి ఉంటుందని చెప్పింది. వస్తానన్నాడు సాంబయ్య. బయటికి వచ్చాక ఆస్మా ముద్ర వేసిన కాపీని మడతపెట్టి మహాలక్ష్మి చేతిలో పెట్టింది. గెలిచినట్టేనా అని మహాలక్ష్మి అడిగితే, లేదు పిన్నీ, మొదలుపెట్టినట్టు అంది.

బస్టాండ్ పక్క హోటల్లో రెండు భోజనాలు చెప్పారు. మహాలక్ష్మి అన్నంలోకి సాంబారు పోస్తుంటే ఫోన్ మోగింది. వెంకట్రామయ్య. సాంబయ్య మోగనిచ్చి, ఆగిపోతుందనగా ఎత్తాడు.

"ఒరే సాంబా, గేటు దగ్గర లేవేంది? ఒంట్లో బాగాలేదా?"

"నరసరావుపేటలో ఉన్నా సారూ."

"సారేందిరా కొత్తగా?"

"లేబర్ ఆఫీసులో అర్జీ ఇచ్చా. ఇప్పుడే ఇచ్చి బయటికొచ్చా."

ఫోన్‌లో వెనక ఎక్కడో లారీ ఆపకుండా హారన్ కొడుతోంది. తిడతాడని సాంబయ్య ఎదురుచూశాడు. ఎందుకురా ఇట్టా చేశావని అడుగుతాడని ఎదురుచూశాడు. అట్లా అడిగితే చెప్పడానికి అతని దగ్గర మాటలున్నాయి. నిన్నంతా, ఇవాళ బస్సులో దారి పొడవునా కూర్చుకున్నవే. అడిగితే బహుశా కళ్ళనీళ్ళు కూడా వచ్చేవి.

"గొలుసుకి తాళం ఏసి పోయావు" అంది చివరికి ఆ గొంతు. అది పనివాళ్ళతో మాట్లాడే గొంతు. "లోడు నిలబడిపోయింది. తాళంచెవి యాడ పెట్టావు?"

"పందిట్లో, నీళ్ళ కుండ మూత కింద ఉంది సారూ."

ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. సాంబయ్య ఇంకా కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"ఏమన్నాడు?" అంది మహాలక్ష్మి.

"తాళంచెవి అడిగాడు."

ఆమె అతని మొహం చూసింది. మిరప మంటకు ఎర్రబడ్డ వేళ్ళతో అతని కంచంలో అన్నం కలిపి ముందుకు జరిపింది. గురజాల బస్సు వచ్చి ఆగిందని బయట ఎవరో కేకేశారు. తర్వాత దానికి పోదాంలే అన్నాడు సాంబయ్య. ఆకలిగా ఉంది. ముద్ద పెట్టుకున్నాడు.